వెబ్ పేజీ రాత నేర్చుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ గురించి వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఐదూ గోదావరి డెల్టా ఊళ్ల నుంచి వచ్చినవే. ట్యాగుల (పేజీలో పెట్టే గుర్తుల) పేర్లను అసలు పేజీలో ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలి. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా వాటి ఉచ్చారణను తెలుగులో ఇచ్చాము.

ప్రశ్న: నేను బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్మీడియట్‌లో సీఈసీ తీసుకున్నాను, లెక్కలంటే భయం. హెచ్‌టీఎంఎల్ కూడా ప్రోగ్రామింగే అంటున్నారు, నిజమేనా? ఊళ్లో ఒక శిక్షణ కేంద్రం వారు దీనికి మూడు నెలల కోర్సు అంటున్నారు. అంత కాలం పడుతుందా?
— ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: హెచ్‌టీఎంఎల్ ప్రోగ్రామింగ్ భాష కాదమ్మా. హైపర్‌టెక్స్ట్ మార్కప్ లాంగ్వేజ్ అన్న దాని పూర్తి పేరులోని మార్కప్ అన్న మాటలోనే సంగతంతా ఉంది. అచ్చుకు పంపే రాతప్రతి మీద సంపాదకుడు ఎర్ర సిరాతో ‘ఇది శీర్షిక’, ‘ఇక్కడ కొత్త పేరా’ అని గుర్తులు పెట్టేవాడు. ఆ గుర్తులనే బ్రౌజరుకు అర్థమయ్యే పద్ధతిలో రాయడం ఈ భాష పని. కూడమనీ, తీసివేయమనీ, ఫలానా షరతు నిజమైతే ఫలానా పని చేయమనీ చెప్పడానికి ఇందులో మాటలు లేవు కాబట్టి, మీ లెక్కల భయానికి ఇక్కడ చోటు లేదు.

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ, శాస్త్రవేత్తల పత్రాలను ఒకదానితో ఒకటి కలిపే ఏర్పాటు కావాలని 1989లో ప్రతిపాదించారు. 1991లో ఆయన ఇచ్చిన తొలి వివరణలో ఉన్న ట్యాగులు 18 మాత్రమే. ఇప్పుడవి వందకు పైబడినా, మామూలు పేజీకి రోజూ పనికివచ్చేవి పాతిక మించవని నా అనుభవం.

ఒక్క ట్యాగును దగ్గరగా చూడండి. కోణాకారపు బ్రాకెట్ల నడుమ హెచ్ అక్షరం, పక్కనే 1 అంకె రాస్తే ‘ఇక్కడి నుంచి ప్రధాన శీర్షిక’ అని అర్థం. ఆ తర్వాత శీర్షిక రాసి, మళ్లీ అవే బ్రాకెట్లలో ముందుగా ఒక ఏటవాలు గీత పెట్టి హెచ్1 రాస్తే ‘శీర్షిక ఇక్కడితో ముగిసింది’ అని. తెరిచే ట్యాగు, విషయం, మూసే ట్యాగు కలిస్తే ఒక ఎలిమెంట్. బొమ్మను చూపే ఐఎంజీ, వరుసను విరిచే బీఆర్ వంటి వాటికి లోపల పెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి మూసే ట్యాగు అక్కర్లేదు. వ్యాకరణం దాదాపు ఇంతే.

ఇక కోర్సు సంగతి. పేజీకి అందం దిద్దే సీఎస్ఎస్, కదలిక తెచ్చే జావాస్క్రిప్ట్ కూడా నేర్పితే మూడు నెలలు న్యాయమే. హెచ్‌టీఎంఎల్ ఒక్కదానికే అయితే రోజుకు గంట చొప్పున మూడు వారాలు మీరే కూర్చుంటే సరిపోతుంది. డబ్బు కట్టే ముందు వారి పాఠాల పట్టీ ఒకసారి అడిగి చూడండి. ఫాంట్, సెంటర్, మార్క్యూ అనే ట్యాగులకు అందులో ప్రత్యేక పాఠాలు ఉంటే ఆ పట్టీ ఏళ్ల తరబడి దుమ్ము దులపనిదని గ్రహించండి; ఇప్పటి ప్రమాణం ప్రకారం ఆ మూడూ వాడకూడనివి. మార్క్యూతో తెర మీద అటూ ఇటూ మా పేరు పరుగెత్తించి మురిసిపోయిన తరం మాది, కనుక కొంత బాధతోనే ఈ మాట రాస్తున్నాను.

ప్రశ్న: మాకు మొక్కల నర్సరీ ఉంది. ధరల పట్టీని వెబ్ పేజీగా రాశాను. నోట్‌ప్యాడ్‌లో స్పేసులు కొట్టి వరుసలన్నీ తిన్నగా సర్దాను, కానీ బ్రౌజరులో తెరిస్తే అంతా ఒకే ముద్దగా వచ్చింది. టేబుల్ ట్యాగు వాడదామంటే, అది పాతకాలపు పద్ధతి, డివ్‌లు (ప్రత్యేక అర్థమేమీ లేని ఉత్త పెట్టెల్లాంటి ట్యాగులు) వాడమని మా అన్నయ్య అంటున్నాడు. అక్షరాలు పెద్దవిగా కనిపించాలని ప్రతి మొక్క పేరుకూ హెచ్1 పెట్టాను, అది సరైనదేనా?
— ఒక పాఠకుడు, కడియపులంక

జవాబు: మీరు పది స్పేసులు కొట్టినా, నాలుగుసార్లు ఎంటర్ నొక్కినా బ్రౌజరు వాటన్నిటినీ కలిపి ఒక్క స్పేసుగానే చూపుతుంది. అది లోపం కాదు. చూసేవారి తెర ఫోను కావచ్చు, పెద్ద కంప్యూటరు కావచ్చు. మీ నోట్‌ప్యాడ్ వెడల్పుకు సర్దిన ఖాళీలు వేరే తెర మీద ఎలాగూ చెదిరిపోతాయి కనుక, ఖాళీలను పక్కనబెట్టి ట్యాగులనే నమ్మేలా దానిని తయారు చేశారు.

అన్నయ్య మాటలో సగం నిజముంది. సీఎస్ఎస్ తొలి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చినా బ్రౌజర్లు దానిని సరిగా పాటించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ లోపల పేజీ మొత్తాన్ని, ఎడమ పక్క మెనూతో సహా, పెద్ద టేబుల్‌లో గళ్లు గళ్లుగా ఇరికించేవారు. అది తప్పని చెప్పీ చెప్పీ, చివరకు టేబుల్ అన్న మాటే అంటరానిదైపోయింది. కానీ ధరల పట్టీ పుట్టుకతోనే పట్టిక. అడ్డంగా ఒక మొక్క వివరాలు, నిలువుగా ఒకే రకం వివరం ఉన్నచోట టేబుల్ వాడకపోవడమే తప్పు.

టేబుల్ తెరవగానే క్యాప్షన్‌లో ‘పూల మొక్కల ధరలు’ అని రాయండి. అడ్డ వరుస ఒక్కొక్కటి ఒక టీఆర్. మొదటి వరుసలో టీహెచ్‌లు నాలుగు: మొక్క పేరు, ఎత్తు, కవరు సైజు, ధర. రెండో వరుస నుంచి మందార, నందివర్ధనం, నూరు వరహాలు అంటూ ఒక్కో వివరానికి ఒక టీడీ. టీహెచ్‌కూ టీడీకీ కంటికి కనిపించే తేడా, అక్షరాలు కాస్త లావుగా గడి మధ్యలో ఉండడమే. చూపు లేనివారు స్క్రీన్ రీడర్ సాయంతో మీ పట్టీ వింటున్నప్పుడు మాత్రం తేడా ఎక్కువే: ఉత్త అంకె చదివి ఊరుకోకుండా, ‘ధర’ అని చెప్పి ఆ తర్వాత అంకె చదవడానికి వీలు కల్పించేది టీహెచ్ ఒక్కటే.

ప్రతి మొక్క పేరుకూ హెచ్1 పెట్టడం సరికాదు. శీర్షికలకు ఆరు అంచెలు ఉన్నాయి, హెచ్1 నుంచి హెచ్6 వరకు. అవి అక్షరాల సైజులు కావు, అంతస్తులు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువ, దాని నుంచి పిల్ల కాలువ, చివరకు చేలోకి బోదె వస్తుంది గదా, ఇక్కడా అదే క్రమం. మీ నర్సరీ పేరు హెచ్1; పూల మొక్కలు, పండ్ల మొక్కలు, నీడనిచ్చే చెట్లు హెచ్2లు; పండ్ల మొక్కల కింద మామిడి, జామ, సపోటా హెచ్3లు. హెచ్2 తర్వాత మూడో అంచె వదిలేసి హెచ్4కు దూకవద్దు. అక్షరం చిన్నదో పెద్దదో కావాలంటే సీఎస్ఎస్‌లో ఒక్క వాక్యం చాలు.

మొక్కల ఫొటోలు పెడితే ప్రతి ఐఎంజీ ట్యాగు లోపలే ఆల్ట్ అనే లక్షణం, అంటే అదనపు వివరం, రాయండి. నెట్ అందక ఫొటో తెరుచుకోనప్పుడు, చూపు లేనివారు వింటున్నప్పుడు ఫొటోకు బదులుగా నిలిచేది అదే. అందులో కెమెరా ఇచ్చిన అంకె పేరు కాకుండా ‘ఎర్ర పూలతో మందార మొక్క, కవరులో’ అని రాయాలి.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడిని. ఏళ్ల క్రితం డీటీపీ దుకాణంలో టైపు చేయించిన నా పద్యాలను, తాత్పర్యాలతో సహా వెబ్ పేజీగా పెట్టాలని ప్రయత్నిస్తున్నాను. ఆ ఫైలులోనివి అతికిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు వస్తున్నాయి. నేనే స్వయంగా తెలుగులో టైపు చేసినవేమో మరునాడు తెరిచేసరికి వరుసగా ప్రశ్నార్థకాలయ్యాయి.
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, మీవి రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు.

పాత డీటీపీ ఫాంట్లలో చాలావరకు యూనికోడ్‌వి (ప్రతి లిపిలోని అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే పద్ధతివి) కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చినవి అవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగుగా కనిపించినా, ఫైలు లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫాంటు తొలగగానే ముసుగు తొలగుతుంది. ఆ ఫాంటు పేరు తెలుసుకుని, దానిని యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో ఫైలు వేసి, వచ్చిన దానిని వత్తుల దగ్గర ప్రత్యేకంగా చూస్తూ ప్రూఫు దిద్దుకోవాలి. ఆ పనికి మీకంటే తగినవారు దొరకరు.

ప్రశ్నార్థకాల సంగతి కొంచెం విచారకరం. ఫైలును ఆన్సీ అనే పాత పద్ధతిలో భద్రపరిచినప్పుడు తెలుగు అక్షరాలకు అందులో చోటు లేక ఒక్కో దాని బదులు ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. అసలు అక్షరం అప్పుడే పోయింది, తిరిగి రాదు. మళ్లీ టైపు చేసి, భద్రపరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 (యూనికోడ్ సంకేతాలను ఫైలులో దాచే పద్ధతి) ఎంచుకోండి. ఆ సంగతి బ్రౌజరుకు కూడా తెలియాలి కాబట్టి పేజీ తలభాగమైన హెడ్‌లో, అన్నిటికంటే ముందు, మెటా ట్యాగులో చార్‌సెట్ అనే లక్షణానికి యూటీఎఫ్-8 అని ప్రకటించండి. ఈ ప్రకటన ఫైలులోని మొదటి 1024 బైట్లలోపే ఉండాలన్నది నియమం.

యూనికోడ్‌లో తెలుగు లిపికి 128 స్థానాల గది ఒకటి ఉంది. మనం ‘లక్ష్మి’ అని రెండు అక్షరాలుగా లెక్కపెట్టే మాటను కంప్యూటరు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, అంటే ఆ ఒక్క పేరుకే 21 బైట్లు. ఛందస్సు చెప్పినవారికి ఈ లెక్క సరదాగా ఉంటుందని ఇంతగా చెప్పాను.

పద్యాన్ని ఒక పేరాగా, అంటే పీ ట్యాగులో పెట్టి, పాదం చివర బీఆర్ వేయండి. ఉత్పలమాలకు నాలుగు పాదాలు కనుక మూడు బీఆర్‌లు చాలు. పేరాల మధ్య ఖాళీ కోసం బీఆర్‌ల మీద బీఆర్‌లు కొట్టడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను గాని, పద్యపాదం విరుపు మాత్రం ఆ ట్యాగుకు సిసలైన పని. ప్రతిపదార్థానికి డీఎల్ అనే జాబితా చక్కగా అమరుతుంది: డీటీలో పదం, డీడీలో అర్థం. తాత్పర్యం మరో పేరా. పేజీ మొదట్లో ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగులోనే ల్యాంగ్ అనే లక్షణానికి ‘టీఈ’ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు రాస్తే, చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఇది తెలుగని గుర్తించి తెలుగు గొంతు ఎంచుకోగలుగుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో హెచ్‌టీఎంఎల్ 4.01 పుస్తకం ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 5 అంటున్నారు. పాతది పనికివస్తుందా? 6 వచ్చేదాకా ఆగాలా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఆగవద్దు. 4.01 వచ్చింది 1999 డిసెంబరులో; హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంగా వెలువడింది 2014 అక్టోబరులో. 2019 నుంచి వాట్‌డబ్ల్యూజీ అనే బ్రౌజరు తయారీ సంస్థల బృందం నిర్వహించే ఒకే ప్రమాణాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు, అంకెలు పెట్టడం మానేశారు. పేరాలు, జాబితాలు, లింకులు, పట్టికల అధ్యాయాలు ఆ పుస్తకంలోనే చదువుకోవచ్చు. రంగులు, ఫాంట్లు, ఫ్రేముల అధ్యాయాలు వదిలేయండి. పేజీలోని భాగాలను సూచించే హెడర్, న్యావ్, మెయిన్, ఆర్టికల్, ఫుటర్ అనే ట్యాగులు అందులో ఉండవు. వాటిని విడిగా నేర్చుకోవాలి.

ప్రశ్న: మాకు కంప్యూటరు లేదు, ఫోను ఒక్కటే. పగలు కొట్టు చూసుకుని రాత్రి గంటసేపు నేర్చుకోగలను. ఫోను మీద వీలవుతుందా? తప్పు రాస్తే తెలిసేది ఎలా?
— ఒక గృహిణి, రావులపాలెం

జవాబు: వీలవుతుందండీ. కోడ్ ఎడిటర్ యాప్ ఒకటి ఎక్కించుకుంటే రాసిన ఫైలును ఫోనులోని బ్రౌజరులోనే తెరిచి చూసుకోవచ్చు; దీనికి నెట్ కూడా అక్కర్లేదు. మీ కొట్టు పేరు, వేళలు, దొరికే సరుకులతో ఒక పేజీ మొదలుపెట్టండి. ఎవరిదో పాఠంలోని నమూనా కంటే మీ సొంత సంగతి రాసినప్పుడే ఏది శీర్షిక, ఏది జాబితా అన్న ఆలోచన తడుతుంది.

తప్పుల విషయంలో ఒక చిక్కు ఉంది. బ్రౌజరు మహా ఓర్పు గలది. తప్పున్నా తప్పని చెప్పదు, తనకు తోచినట్లు సర్దుకుని చూపిస్తుంది. స్ట్రాంగ్ ట్యాగు తెరిచి మూయడం మరిస్తే అక్కడి నుంచి కింది దాకా అంతా లావు అక్షరాలైపోతుంది. పేజీ పేరు రాసే టైటిల్ ట్యాగు మూయకపోతే ఇంకా విచిత్రం: మిగిలిన పేజీ మొత్తాన్ని అది పేరులో భాగమనుకుని మింగేస్తుంది, తెర తెల్లగా ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో నాకు ఇదే జరిగితే, రాజమండ్రిలో ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని అరగంటసేపు తీగలు ఊడాయేమోనని వెతికాను. అందుకని ట్యాగు తెరవగానే ముందు మూసేసి, ఆ తర్వాత మధ్యలో విషయం రాయడం అలవాటు చేసుకోండి. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వారి వ్యాలిడేటరు (తప్పులు పట్టే పేజీ)లో పేజీని అతికిస్తే ఏ వరుసలో ఏ తప్పుందో ఉచితంగా చెబుతుంది.

ఫోను మీద రాసేవారిని ప్రత్యేకంగా వేధించే తప్పు ఒకటుంది. లక్షణాల విలువల చుట్టూ నిటారు కొటేషన్ గుర్తులు ఉండాలి. కొన్ని ఫోను కీబోర్డులు వాటిని తమంతట తామే వంకర గుర్తులుగా మార్చేస్తాయి, దానితో లింకులు పనిచేయవు, బొమ్మలు కనిపించవు. కాబట్టి మొదటి రాత్రి రాయడం మొదలుపెట్టే ముందే కీబోర్డు సెట్టింగులలో స్మార్ట్ పంక్చుయేషన్, ఆటో కరెక్ట్ అన్నవి రెండూ ఆపివేయండి.