సిరంజి కన్నా ముందు చూడాల్సినవి

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి పెద్దమామయ్య ఆశీస్సులు.

థాయిలాండ్‌లో కప్పల హ్యాచరీలో ఉద్యోగమని మీ అమ్మ చుట్టాలకు చెప్పడం లేదట, ‘చేపల కంపెనీ’ అంటోందట. అననీ. జువాలజీ ల్యాబ్‌లో కప్పలతోనే తల నెరిసినవాడిని, నాకు మాత్రం సంతోషమే.

కప్పలతో గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ గురించి బెంగ పెట్టుకోకు. కైకలూరు వైపు కార్ప్ చేపల హ్యాచరీల్లో నువ్వు చూసిన ఓవాప్రిమ్ అనే హార్మోన్ మందు సూత్రమే ఇదీ. వానాకాలం రాగానే కప్ప మెదడు పీయూష గ్రంథిని మేల్కొలుపుతుంది, ఆ గ్రంథి అండాశయాన్ని కదిలిస్తుంది. తొట్టెలో ఆ వాన ఉండదు గనుక సంకేతాన్ని మనం సూదితో పంపుతాం. గ్రంథికి అడ్డుపడే డోపమైన్ అనే రసాయనాన్ని ఆపే మందు కూడా కలుపుతారు. పూర్వం వేరే కప్పల పీయూష గ్రంథులు తీసి, నూరి ఎక్కించేవారు. మోతాదు అక్కడివాళ్లే చెబుతారు.

కన్ను పడాల్సింది ఆడకప్ప మీద. పక్కలు నిండుగా ఉబ్బి, తాకితే మెత్తగా ఉండాలి. గుడ్లు పక్వానికి రాని కప్పకు ఎంత మందు ఇచ్చినా దండగ, పైగా హింస. మందు పనిచేశాక మెల్లగా నొక్కగానే గుడ్లు జారాలి. జారకపోతే తొట్టెలో వదిలేసి కాసేపాగి మళ్లీ చూడు, పంతం పట్టకు. మగకప్పను చంపి వృషణాలు తీయడం పాత పద్ధతి. హార్మోన్ ఇస్తే వీర్యం మూత్రంతోనే వస్తుంది, ఆ పద్ధతి నేర్పమని అడుగు.

ఇక అసలు ఘట్టం. గుడ్లు పడే పళ్లెం పొడిగా ఉండాలి, చెయ్యి కూడా. గుడ్డు చుట్టూ ఉండే జిగురు నీళ్లు తగలగానే ఉబ్బుతుంది, ఆ తర్వాత వీర్యకణం లోపలికి పోవడం కుదరదు. అందుకే ముందు వీర్యద్రవం గుడ్లన్నిటికీ తగిలేలా పోసి, కొద్ది నిమిషాలాగి, అప్పుడు నీళ్లు నింపాలి. ఆపైన కుర్చీ లాక్కుని కూర్చో. ఫలించిన గుడ్లు ఒక్కొక్కటే నల్లవైపు పైకి తిప్పుకుంటాయి. అరగంటకు పళ్లెమంతా నల్లబడితే పని గెలిచినట్టే. తెల్లబడిన గుడ్లను ఏరి పారెయ్, లేకపోతే బూజు పక్కవాటికీ పాకుతుంది.

అక్కడ పెంచే రకం తోకకప్పలు ఒకదాన్నొకటి తినేస్తాయి. సైజుల వారీగా వేరు చెయ్యి, ఆకలితో ఉంచకు. ముందుకాళ్లు వచ్చేసరికి తిండి మానేసి గాలి పీలుస్తాయి, ఎక్కడానికి వాలు లేకపోతే నీళ్లలోనే చస్తాయి. చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు తొట్టె నుంచి తొట్టెకు తడితోనే పోతుంది కాబట్టి ఒకదానిలో వాడిన వల ఇంకొకదానిలో ముంచకు.

తిరిగొచ్చి భీమిలిలో కప్పల చెరువు పెడతానని రాశావు. ఆ ఆలోచన మానుకో. కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది, వన్యప్రాణి చట్టం సరేసరి. పరాయి జాతిని తెస్తానంటావేమో, అది ఇంకా ప్రమాదం. మన ప్రధాన భూభాగపు పెద్దకప్పే అండమాన్ చేరి అక్కడి కప్పల పిల్లల్ని తినేస్తోంది.

మీ అమ్మ పెట్టెలో దోమల క్రీము సర్దుతుంది. అది రాసుకున్న చేత్తో కప్పను ముట్టుకోకు, వాటి చర్మం అన్నిటినీ పీల్చేసుకుంటుంది. పౌడర్ లేని నైట్రిల్ గ్లవ్స్ కేజీహెచ్ దగ్గర మందుల షాపుల్లో దొరుకుతాయి. రెండు పెట్టెలు కొనుక్కో, వాడేముందు నీళ్లతో కడుగు.

మీ
పెద్దమామయ్య