కట్ల కోడ్ల దగ్గర జాగ్రత్త, స్వాతీ

స్వాతీ,

నిన్ను ఆర్థో, అదే ఎముకల కేసుల టీములో వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. బీఫార్మసీ చదివి, అమెరికా డాక్టర్ల రాతల్ని బిల్లు కోసం కోడ్లుగా మార్చే ఈ మెడికల్ కోడింగ్ ఏమిటని వాడి గొణుగుడు. వాళ్లక్క కూడా అదే చదివి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఈ పనితోనే ఇల్లు కట్టుకుందన్న సంగతి గుర్తుచేశాను. నాకైతే గర్వంగానే ఉంది. కానీ టెన్షన్ కూడా ఉంది. ఆర్థోలో కొత్తవాళ్లు దెబ్బతినేది పెద్ద ఆపరేషన్ల దగ్గర కాదు, మామూలు కట్ల దగ్గర.

మోకాలి కింది కాస్ట్, అంటే చుట్టూ వేసే గట్టి కట్టు, దాని సామానుకి పెద్దవాళ్లలో ప్లాస్టర్ అయితే క్యూ4037, ఫైబర్‌గ్లాస్ అయితే క్యూ4038. పిల్లలకు 4039, 4040. స్ప్లింట్‌కి, అంటే ఒకవైపే పెట్టే పట్టీకి, అదే వరసలో 4045 నుంచి 4048. పదేళ్ల వరకు పిల్లలు, పదకొండు నిండితే పెద్దవాళ్ల కోడే. పుట్టినతేదీ చూడు.

నాయనమ్మ కాలు విరిగినప్పుడు నువ్వు చిన్నదానివి. మొదటి రోజు వెనకవైపు మాత్రమే పట్టీ పెట్టి బ్యాండేజీ చుట్టి పంపారు. వాపు తగ్గాక చుట్టూ సిమెంటు కట్టు వేశారు. దాని మీద నువ్వు స్కెచ్ పెన్నుతో చేప బొమ్మ గీస్తే ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపించుకుంది. మొదటిది స్ప్లింట్, రెండోది కాస్ట్. పాత టెంప్లేట్ వాడి డాక్టర్ పైన కాస్ట్ అని వదిలేస్తాడు, లోపల చదివితే స్ప్లింట్ వేసినట్టు ఉంటుంది. హెడింగ్ చూసి కోడ్ వేశావో, నా చేతిలో తిట్లు తింటావు.

ఇక అసలు సంగతి. మా టీములో ఒక కుర్రాడు ఉండేవాడు. కోడ్లన్నీ నోటికే, టార్గెట్‌లో ఎప్పుడూ ముందే. ఒక ఆర్థో గ్రూపు ఛార్టులు, అంటే పేషెంట్ల రికార్డులు, అతనికిచ్చారు. డాక్టర్ తన క్లినిక్‌లో పెద్దవాళ్లకు మోకాలి కింది ఫైబర్‌గ్లాస్ స్ప్లింట్ వేస్తే, వేసిన పనికి 29515, తన సామాను కాబట్టి దాని మీద క్యూ4046. సరైనదే. చేతికి అదే అలవాటైపోయింది. ఆ డాక్టర్లే ఆసుపత్రి ఎమర్జెన్సీకీ వెళ్లేవాళ్లు. అక్కడ ఫైబర్‌గ్లాస్ రోలు, దూది, బ్యాండేజీ అన్నీ ఆసుపత్రివి. వాటి బిల్లు ఆసుపత్రి వేసుకుంటుంది, డాక్టర్ వేయకూడదు. వైద్యం ఎక్కడ జరిగిందో చెప్పే ప్లేస్ ఆఫ్ సర్వీస్ నంబరు 11 (క్లినిక్) కాదు, 23 (ఎమర్జెన్సీ) అని కళ్లెదురుగానే ఉంది. అతను అటు చూడలేదు, సామాను కోడ్ వేస్తూనే పోయాడు.

డినయల్ వచ్చినవాటితో, అంటే బీమావాళ్లు కాదన్న క్లెయిములతో, పేచీ లేదు, వెనక్కి వస్తాయి, దిద్దుకుంటాం. డబ్బు వచ్చేసినవే ప్రాణం తీశాయి. ఆడిట్‌లో బయటపడ్డాక ఒక్కో క్లెయిమూ తవ్వి తీశారు. అమెరికా వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ నుంచి డబ్బు ఎక్కువొచ్చిందని తేలితే 60 రోజుల్లో తిరిగి కట్టాలి. ఎక్సెల్ షీటు నిండా పసుపు గడులు. ఒక్కోటి చూసి తెలుపు చేసుకుంటూ భోజనానికి కూడా లేవలేదు ఆ అబ్బాయి. నేను పిలిస్తే, "మేడమ్, అక్కడ పేషెంట్‌కి కూడా వాటా బిల్లు వెళ్లి ఉంటుంది కదా" అన్నాడు. అమెరికాలో ఎవరో ముసలావిడ ఒకే కట్టుకి రెండుసార్లు డబ్బు కట్టి ఉంటుందని అతని బాధ. ఉద్యోగం పోలేదు. మనిషి మాత్రం చాన్నాళ్లు మామూలుగా లేడు.

నాకు నీ మీద ఉన్న భయం అదే. నీకూ చెయ్యి స్పీడు. కోడ్ వేసే ముందు ఎక్కడ వేశారు, సామాను ఎవరిది అన్నది చూడు. టార్గెట్ పడిపోతే లీడ్ ఒక మాట అంటాడు, ఆ మాట పడితే ఏం?

ఇంకొకటి. ఫ్రాక్చర్ ట్రీట్‌మెంట్ కోడ్, ఉదాహరణకి చీలమండ బయటి ఎముక విరిగినప్పటి 27786 వేశావంటే, మొదటి కట్టు వేసిన పని అందులోనే కలిసిపోతుంది, 29515 మళ్లీ వేయకు. క్లినిక్‌లో అయితే సామాను మాత్రం విడిగా వస్తుంది. తర్వాత కట్టు మార్చినప్పటి సంగతి వేరు, అది వచ్చినప్పుడు చెప్తాను.

డబ్బా సీటు దగ్గరే తినకు. డౌట్ వస్తే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, తిట్టను. ఛార్టు ఫోటో మాత్రం వాట్సాప్‌లో పంపావంటే ఊరుకోను, నేను అత్తనైనా సరే.

మీ అత్త