లైసెన్స్ రాకముందే కారుకి ఇన్సూరెన్స్ చేయించాను, క్లెయిమ్ కూడా వచ్చింది

మీరు అడిగింది ఇదీ: ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చి మూడు వారాలైంది, టెస్టు వచ్చే నెల, ఈలోగా వైజాగ్ పీఎం పాలెంలో తెలిసినవాళ్ల దగ్గర 1200 సీసీ సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కుదిరింది, వాళ్ల ఇన్సూరెన్స్ ఇంకా ఐదు నెలలు ఉంది. లైసెన్స్ లేకుండా మీ పేరు మీద పాలసీ ఇస్తారా, ఇవ్వకపోతే నాన్నగారి పేరు మీద తీసుకోవచ్చా, అసలు ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపినప్పుడు ఏమైనా జరిగితే డబ్బులు వస్తాయా అని.

ఇస్తారండీ. మన దగ్గర ఇన్సూరెన్స్ బండికి చేస్తారు, మీ డ్రైవింగ్‌కి కాదు. ప్రీమియం లెక్కేసేటప్పుడు బండి ఎన్ని సీసీ, ఎన్నేళ్లది, ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ, ఎంత, ఏ ఊరి రిజిస్ట్రేషన్ అనేవి చూస్తారు తప్ప మీకు లైసెన్స్ వచ్చి ఎన్నాళ్లైందో చూడరు. ఊరి సంగతిలో మనకి కొంచెం నయం కూడా, హైదరాబాద్, చెన్నై లాంటి ఎనిమిది పెద్ద నగరాలు ఎ జోన్‌లో ఉంటాయి, వైజాగ్ బి జోన్, అందుకని ఓన్ డ్యామేజ్ రేటు, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టే ప్రీమియం రేటు, ఇక్కడ కాస్త తక్కువ. 2023లో నేను కారు కొన్నప్పుడు నా దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేదు. అయినా నా పేరు మీదే పాలసీ వచ్చింది.

నాన్నగారి పేరు మీద అన్నారు చూడండి, అది మాత్రం చేయకండి. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే పాలసీ కూడా వాళ్ల పేరు మీదే ఉండాలి. ఆర్‌సీ మీది, పాలసీ నాన్నగారిది అయితే రేపు బండికి దెబ్బ తగిలిన రోజు ఇద్దరికీ డబ్బులు రావు. బండి మొత్తం నాన్నగారి పేరు మీదే కొని, ఆర్‌సీ, పాలసీ రెండూ ఆయన పేరు మీదే పెట్టి, మీరు ఎల్‌ఎల్‌ఆర్‌తో నేర్చుకుంటే అది వేరే సంగతి, అందులో తప్పేమీ లేదు. కానీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పాలసీ ఉన్న మనిషిదే. క్లెయిమ్ లేకుండా గడిచిన మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకి 50 శాతం దాకా వెళ్లే ఆ బోనస్ అంతా ఆయన ఖాతాలో పడుతుంది, మీకు ఒక్క ఏడాది కూడా కలవదు. బండి మీరే కొనుక్కుంటున్నారు కదా, మీ పేరు మీదే పెట్టుకోండి.

ఇక అమ్మేవాళ్ల పాలసీ ఐదు నెలలు ఉంది కదా, దాంతోనే నెట్టుకొద్దాం అనుకుంటున్నారేమో. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ భాగం దానంతటదే మీకు వచ్చేస్తుంది, అంటే మీ బండి వల్ల వేరేవాళ్లకి ఏదైనా జరిగితే ఆ కవర్ ఉంటుంది. మీ బండికి జరిగిన నష్టం కవర్ చేసే ఓన్ డ్యామేజ్ భాగం అలా రాదు. కొన్న 14 రోజుల్లోపు కంపెనీకి రాసి, ట్రాన్స్‌ఫర్ కాగితాలు, కొత్త ప్రపోజల్ ఫారం ఇచ్చి పాలసీ మీ పేరు మీదకి మార్పించుకోవాలి. అమ్మినాయన తీసుకున్న నో క్లెయిమ్ బోనస్ మీకు చెల్లదు కాబట్టి మిగిలిన ఐదు నెలలకి ఆ తేడా మీ చేత కట్టించుకుంటారు. అది కట్టడానికి బాధపడకండి, అడగకపోతే మీరే అడిగి కట్టండి.

నా విషయంలో అమ్మినాయన పాలసీ అప్పటికే లాప్స్ అయిపోయింది. ఎనిమిదేళ్ల ఆల్టో, 796 సీసీ, లక్షా తొంభై వేలకి గాజువాకలో కొన్నాను. పాలసీ గడువు దాటి లాప్స్ అయితే కంపెనీవాళ్లు బండి చూడకుండా థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ ఉన్న ఫుల్ ఇన్సూరెన్స్ ఇవ్వరు. ఒకబ్బాయి వచ్చి నాలుగు వైపులా ఫోటోలు తీసి, బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు మీద మట్టి గుడ్డతో తుడిచి దాన్నీ ఫోటో తీసి, కిలోమీటర్ల రీడింగ్ తీసుకుని వెళ్లాడు. వెనక బంపర్ మీద పాత గీత ఒకటుంటే దాన్ని కూడా రాసుకున్నాడు, అంటే దానికి రేపు నేను క్లెయిమ్ అడగలేను. వెయ్యి సీసీ లోపు కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో 2,094 రూపాయలు చేశారు, మీ బండి లాంటి 1500 సీసీ లోపువాటికి 3,416. ఇది ప్రభుత్వం పెట్టిన రేటు, ఏ కంపెనీకి వెళ్లినా అంతే, బేరం ఉండదు. దాని మీద ఓన్ డ్యామేజ్, 18 శాతం జీఎస్‌టీ కలిపి నాకు ఐదు వేల చిల్లర అయింది. బేరం ఆడాలంటే ఆ ఓన్ డ్యామేజ్ దగ్గరే ఆడాలి, నాలుగు చోట్ల అడగండి.

పాత బండికి థర్డ్ పార్టీ చాలులే అని మీకు చాలామంది చెప్తారు, నాకూ చెప్పారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే హుద్‌హుద్ చూశాను. 2014 అక్టోబరు 12న మర్రిపాలెంలో మా వీధి చివర పెద్ద నిద్రగన్నేరు చెట్టు వేర్లతో సహా లేచి పక్కింటి అంకుల్ కారు మీద పడింది. సాయంత్రానికి గాలి తగ్గాక వెళ్లి చూస్తే కారు పైకప్పు సీట్లకి ఆనుకుపోయి ఉంది. ఆయనకి ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. ఒక్క రూపాయి రాలేదు. ఎదురు వరసలో ఇంకొకరికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ఆయన బండికి వచ్చింది. మనది సముద్రం ఒడ్డున ఊరు, తుపాను ఏ ఏడాదైనా రావచ్చు. పైగా లైసెన్స్ ఇంకా రానివాళ్లకి ఇది మరీ ముఖ్యం అని నాకనిపిస్తుంది, మన బండి ఎక్కువసేపు వీధిలో ఆగే ఉంటుంది కదా, ఆగి ఉన్న బండి మీద చెట్టు పడినా, దాన్ని ఎవడో ఎత్తుకుపోయినా స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు కాబట్టి మీ లైసెన్స్ ఊసే రాదు. అలాగే వాన నీళ్లు ఇంజిన్ దాకా వచ్చిన బండిని మాత్రం స్టార్ట్ చేయకండి. నీళ్లు లోపలికి పోయి ఇంజిన్ పట్టేస్తే, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ (విడిగా డబ్బు కట్టి కలుపుకునే అదనపు కవర్) లేని పాలసీలో అది రాదు.

ఇప్పుడు అసలు విషయం, ఎల్‌ఎల్‌ఆర్‌తో నడుపుతూ ఏదైనా జరిగితే. పాలసీ కాగితంలో డ్రైవర్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది, దయచేసి అది చదవండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు కూడా నడపవచ్చు అనే అందులో ఉంటుంది, కాకపోతే 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 3వ రూల్ పాటించాలి అని ఉంటుంది. ఆ రూల్ ఏమంటుందంటే, ఎల్‌ఎల్‌ఆర్ అమల్లో ఉండాలి, కారు లైసెన్స్ ఉన్న మనిషి పక్కన ఉండి నేర్పిస్తూ, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి, ముందూ వెనకా తెల్లటి దాని మీద ఎర్రటి ఎల్ ఉండాలి. ఆ ఎల్‌కి కొలత కూడా ఇచ్చారు, పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు. మీ పాలసీ బతికేదీ చచ్చేదీ ఈ మూడింటి మీదే.

నాకు జరిగింది చెప్తాను. మా బావ ఎడమ పక్క సీట్లో ఉన్నాడు, చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదే పెట్టుకుని కూర్చునేవాడు ఎప్పుడూ. ఇంటి గేటులోకి తిప్పుతుంటే క్లచ్ మీద కాలు జారింది, బండి ఒక్కసారిగా ముందుకి దూకింది, ఆయన బ్రేక్ లాగేలోపే ఎడమ వైపు బంపర్, ఫెండర్ గేటు స్తంభానికి రాసుకుపోయాయి. అప్పటికి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి నెలన్నర. మర్నాడే కంపెనీకి ఫోన్ చేసి చెప్పాను, రిపేరు మొదలెట్టకముందే చెప్పాలి. నష్టం అంచనా వేసే సర్వేయర్ వర్క్‌షాప్‌కి వచ్చి ఒంగుని గీత చూసి, లేచి అడిగిన మొదటి మాట ‘పక్కన ఎవరున్నారు?’ అని. నా ఎల్‌ఎల్‌ఆర్ కాపీ, బావ లైసెన్స్ కాపీ, దెబ్బ తగిలిన వెంటనే ఫోన్‌లో తీసిన ఫోటోలు ఇచ్చాను. ఆ ఫోటోల్లో ముందు ఎల్ బోర్డు కూడా కనబడుతోంది. ఆ బోర్డు నేను ప్రింట్ తీసి టేపుతో అంటించింది, ఆ వారం వానకి రెండుసార్లు ఊడితే రెండుసార్లూ మళ్లీ అంటించాను, ఆ కష్టం అప్పుడు అక్కరకొచ్చింది.

బిల్లు 11,400 అయింది. ఏడు వేల పైచిలుకు వచ్చింది, మిగతాది నా జేబులోంచి. ప్లాస్టిక్ సామాన్లకి తరుగు సగం తీసేస్తారు కాబట్టి బంపర్‌కి సగమే, ఐదేళ్లు దాటి పదేళ్ల లోపు బండి కాబట్టి ఇనప ఫెండర్‌కి 40 శాతం కోత, పెయింట్ సామాను మీద కొంత, ఆ పైన 1500 సీసీ లోపు ప్రతి కారుకీ ప్రతి క్లెయిమ్‌కీ మనమే భరించాల్సిన వెయ్యి రూపాయలు. ఐదేళ్ల లోపు బండికైతే ఈ తరుగు కోత లేకుండా ఇచ్చే జీరో డెప్ యాడ్ ఆన్ దొరుకుతుంది, మీ బండి ఆ వయసులో ఉంటే వదలకండి. చిన్న చిన్న గీతలకి మాత్రం క్లెయిమ్‌కి వెళ్లకండి, ఆ ఏడాది బోనస్ పోతుంది, దానికంటే పెయింటర్‌కి ఇచ్చుకోవడమే మేలు. నేను లెక్క చూసుకున్నాకే వెళ్లాను, నాకు పోయే బోనస్ ఐదొందల లోపే.

ఇదే నాణేనికి రెండో వైపు కూడా చూశాను. మా ఆఫీసులో ఒకతను ఎల్‌ఎల్‌ఆర్ ఉంది కదా అని ఆదివారం పొద్దున్నే ఒక్కడే కారు తీసి సాగర్‌నగర్ నుంచి రుషికొండ వైపు వెళ్తూ డివైడర్‌కి కొట్టాడు. దేవుడి దయ వల్ల మనిషికి ఏమీ కాలేదు, ఎదుటివాళ్లూ ఎవరూ లేరు. బండి ముందు భాగం పోయింది, అరవై వేల దాకా అయింది, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి లేడని క్లెయిమ్ కొట్టేశారు. ఎవరికైనా తగిలి ఉంటే ఇంకా పెద్ద గొడవ. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సే అంది, అది మనకి మంచిదే. కానీ లైసెన్స్ షరతు తప్పిన కేసుల్లో దెబ్బ తిన్నవాళ్లకి ముందు కంపెనీ చేత కట్టించి, తర్వాత బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమనే దారి కూడా అదే తీర్పులో ఉంది. అంటే దెబ్బ తిన్న కుటుంబానికి న్యాయం జరుగుతుంది, ఆ లక్షలు మాత్రం చివరికి మీ మీద పడొచ్చు. జరిమానాలు దీని ముందు చిన్నవి, లైసెన్స్ లేకుండా నడిపితే 5,000, ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి 2,000.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే అని గుర్తుంచుకోండి. నేను మాధవధార ఆర్‌టీఏలో మొదటిసారి టెస్టు ఫెయిలయ్యాను, హెచ్ ట్రాక్‌లో రివర్స్ చేస్తుంటే వెనక కర్ర పడిన చప్పుడు వినగానే అర్థమైపోయింది. ఏడు రోజుల తర్వాత గాని మళ్లీ రానివ్వరు, మూడుసార్లు పోతే అరవై రోజులు ఆగాలి. ఇలా తిరుగుతుండగా ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటిపోయిందనుకోండి, ఆ రోజు నుంచి పక్కన ఎవరు కూర్చున్నా మీకు లైసెన్స్ లేనట్టే, కొత్తది తీసుకునేదాకా బండి ముట్టుకోకండి.

ఇంకొక్కటి. ఓనర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని పాలసీలో కలుపుతారు. అది లైసెన్స్ లేని ఓనర్‌కి ఇవ్వరు. నాకు పాలసీ చేసిన ఏజెంట్ నన్ను అడక్కుండానే లైసెన్స్ ఉందని టిక్ పెట్టి దానికి డబ్బులు కట్టించుకోబోయాడు. ‘ఏం కాదులెండి, రేపో మాపో వచ్చేస్తుందిగా’ అన్నాడు. నేను తీయించేశాను, ఎందుకంటే ప్రపోజల్‌లో రాసిన ఒక్క అబద్ధం మొత్తం పాలసీ మీదకి తెస్తుంది, సంతకం మనది, ఆయనది కాదు. లైసెన్స్ చేతికొచ్చిన వారంలో ఆ కవర్ విడిగా తీసుకున్నాను. మీకు ఎల్‌ఎల్‌ఆర్ ఉంది కాబట్టి దాని మీద ఇస్తారా అని కంపెనీకే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి, నోటి మాట వద్దు.

పాలసీ మీ పేరు మీదకి వచ్చాక మొదలయ్యే తేదీతో పాటు టైమ్ కూడా చూడండి. నాది డబ్బులు కట్టింది సాయంత్రం నాలుగింటికి, కాగితం మీద మొదలయ్యేది ఆ రాత్రి పన్నెండు నుంచి. అందుకని ఆ రాత్రి బండి గాజువాకలో అమ్మినాయన ఇంటి ముందే ఉంచేసి, మర్నాడు పొద్దున్న ఆరింటికి బావ, నేను బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాం. బావే నడిపాడు, ఎన్‌ఏడీ జంక్షన్ దాటేదాకా నేను పక్క సీట్లో పాలసీ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.