రెండు ఇంజన్లున్నాయన్న ధీమా వద్దు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. రెండు ఇంజన్లూ విప్పి కట్టడం అయిపోయింది, సోమవారం బోటు స్లిప్‌వే మీంచి నీళ్ళలోకి దిగుతుంది, శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ముహూర్తం, మీ అత్తింటివాళ్ళు పన్నెండు మంది ఎక్కుతున్నారు, మావయ్యా నువ్వూ రావాలి అని రాశావు. సంతోషం, వస్తాను. కాకపోతే ఆ శుక్రవారం నీ బోటు రెండోసారో మూడోసారో బయటికి వెళ్ళే రోజు కావాలి. కొబ్బరికాయ కొట్టు, గంగమ్మకి దండం పెట్టు, మీ అత్తగారి చేత లైఫ్ జాకెట్ తొడిగించు, అన్నీ శుక్రవారమే చెయ్యి. బుధవారం తెల్లారగట్ల మాత్రం నువ్వు, నేను, ఒక కలాసీ, ముగ్గురమే ఒకసారి వెళ్ళొద్దాం. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గడియారం చూస్తుంటే, ఆయిల్ ప్రెషర్ ముల్లు కొంచెం కిందికి కనిపించినా 'ఆఁ, ఏం కాదులే' అనిపిస్తుంది. నాకే అనిపించింది ఎన్నోసార్లు, నీకు అనిపించదా?

నీ మెసేజ్‌లో నాకు నచ్చని మాట ఒకటుంది. 'ఒకటి ఆగినా రెండోది ఉంటుంది కదా' అన్నావు. పాత ఇంజన్ల విషయంలో ఆ మాట నిజమే. ఒకే నెలలో, ఒకే షెడ్డులో, ఒకే చేతులతో కట్టిన ఇంజన్ల విషయంలో మాత్రం కాదు. మొదటిదాంట్లో నువ్వు ఏం మర్చిపోయావో రెండోదాంట్లోనూ అదే మర్చిపోయి ఉంటావు. ఎందుకంటే మర్చిపోయిన సంగతి నీకు తెలీదు కదా.

ఇది నా సొంత అనుభవం. అప్పట్లో నాకు నీ వయసే. రెండు ఇంజన్ల పని బోటు ఒకటి మా షెడ్డుకి వస్తే లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్లు, బేరింగులు అన్నీ కొత్తవి వేసి కట్టాను. డీజిల్ పైపు జాయింట్ల దగ్గర రాగి వాషర్లు ఉంటాయి చూడు, రూపాయి బిళ్ళంత కూడా ఉండవు, అవి అయిపోయాయి. బజారుకి వెళ్ళే ఓపిక లేక పాతవే కాల్చి, రుద్ది, రెండు ఇంజన్లకీ వేసేశాను. జెట్టీ దగ్గర గంటసేపు ఆడించాం, రెండూ గడియారాల్లా ఆడాయి. లోడు లేనప్పుడు లాగే డీజిల్ ఎంతని! హార్బర్ ముఖద్వారం దాటి రేస్ ఇచ్చాక, పంపు గట్టిగా లాగేసరికి ఆ వాషర్ల సందుల్లోంచి గాలి పీల్చడం మొదలుపెట్టింది. ఎడమ ఇంజన్ రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయింది. మేం నవ్వుకున్నాం కూడా, రెండోది ఉందిగా అని. మొత్తం బరువు ఆ రెండోదాని మీద పడింది, పది నిమిషాల్లో అదీ ఆగింది. అది డిసెంబరు, ఈశాన్యం గాలి, బోటు తిన్నగా విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ కింద రాళ్ళ వైపు జారడం మొదలుపెట్టింది. లంగరు ఎక్కడుందయ్యా అంటే వెనక గదిలో, తాడు చుట్టల కింద, దానిమీద పెయింటు డబ్బాలు. ఆ డబ్బాలు తీసి అవతల పారేస్తుంటే నా చేతులు ఎలా వణికాయో ఇప్పటికీ గుర్తే. ముప్పై బారల తాడు వదిలాక లంగరు పట్టింది, అలల నురుగు మొహం మీద పడేంత దగ్గర్లో ఆగాం. వేటకెళ్ళి వస్తున్న బోటువాళ్ళు తాడేసి లాక్కొచ్చారు. ఒడ్డుకి వచ్చాక వాళ్ళు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకని నీ పని ఇంకో మనిషి చేత చూపించు. కొత్తగా వేసిన ప్రతి జాయింటు, ప్రతి క్లిప్పు, ప్రతి బోల్టు నువ్వు కాకుండా వేరే మెకానిక్ ఒకసారి స్పానర్ పెట్టి చూడాలి. నీకు నామోషీ అనిపిస్తే నేనే చూస్తాను. ఇప్పుడు వేట నిషేధం రోజులు కాబట్టి హార్బర్లో మెకానిక్‌లందరూ పనిలోనే ఉన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అందరి ఇంజన్లూ విప్పే ఉంటాయి, ఎవరూ ఖాళీగా దొరకరు, అయినా టీ తాగే టైములో ఒక అరగంట అడిగితే కాదనరు.

సోమవారం బోటు నీళ్ళలోకి దిగగానే సెల్ఫ్ కొట్టకు. ఆ రాత్రి ఒకడిని బోటులోనే పడుకోబెట్టు. ఎక్కడైనా చెమ్మ ఊరుతుంటే రాత్రికే తెలిసిపోతుంది. ఇంజన్ కింద బిల్జి (బోటు అడుగున నీరు చేరే చోటు) శుభ్రంగా తుడిచి పాత న్యూస్ పేపర్లు పరు. పేపరు మీద పడిన చుక్క అబద్ధం చెప్పదు. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, ఎర్రగా ఉంటే చాలావరకు గేర్ ఆయిల్, ఆకుపచ్చగా ఉంటే కూలెంట్, మరక ఆరినా వాసన పోకపోతే డీజిల్, ఆరాక అంచుల్లో తెల్లగా ఉప్పు తేలితే సముద్రం లోపలికి వస్తోందని. దీనికంటే మంచి మీటర్ నేను చూడలేదు.

ఇంజన్ నుంచి ఫ్యానుకి వెళ్ళే షాఫ్టు సంగతి చాలామంది వదిలేస్తారు. స్లిప్‌వే మీద ఎంత బాగా అలైన్‌మెంట్ పెట్టినా నీళ్ళలోకి వచ్చాక బోటు ఒళ్ళు కొంచెం సర్దుకుంటుంది, ఆ లెక్క ఈ లెక్క ఒకటి కాదు. ఒక రోజు నీళ్ళలో నిలబడనిచ్చి, మంగళవారం గేరుబాక్సునీ షాఫ్టునీ కలిపే కప్లింగ్ బోల్టులు వదులు చేసి, దాని రెండు బిళ్ళల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి పైనా కిందా పక్కలా నాలుగు చోట్లా చూడాలి. బిళ్ళ వ్యాసం అంగుళానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) మించి తేడా ఉండకూడదని మాకు నేర్పారు. నీది 5 అంగుళాలు కాబట్టి 5 థౌ, అంటే సుమారు 0.13 మిల్లీమీటరు. ఇది తప్పితే బోటంతా వణుకుతుంది, గేరుబాక్సు సీలు పోతుంది, గ్లాండ్ (షాఫ్టు బోటు బయటికి వెళ్ళే చోట నీరు రాకుండా ఉండే బిగింపు) వేడెక్కుతుంది, నువ్వేమో ఇంజన్ సరిగ్గా కట్టలేదేమో అని మళ్ళీ అదే విప్పుతావు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు స్టాప్ లీవర్ లాగి పట్టుకుని, ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ కొట్టాలి. పది సెకన్లు కొట్టి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ. ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా అదే పని. కొత్త బేరింగులు ఆయిల్ అందకుండా తిరిగితే మొదటి అరనిమిషంలోనే గీతలు పడిపోతాయి. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది, జాగ్రత్తగా చదువు. మన చేపల బోట్లకి పొగగొట్టం నిలువుగా పైకి ఉంటుంది, ఈ బాధ లేదు. నీ బోటులో సముద్రపు నీరు పొగతో కలిసి సైలెన్సర్లోకి పోయి వెనక్కి పడుతుంది కదా. ఇంజన్ ఆడుతుంటే పొగ ఆ నీటిని తోసేస్తుంది. ఇంజన్ అందుకోకుండా ఊరికే సెల్ఫ్ కొడుతుంటే పంపు నీళ్ళు పోస్తూనే ఉంటుంది, తోసే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి ఆ నీరు వెనక్కి ఎక్కి సిలిండర్లలోకి వస్తుంది. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రెండు నెలల పని రెండు నిమిషాల్లో పోతుంది. కాబట్టి ఊరికే తిప్పేటప్పుడు సముద్రపు నీటి వాల్వు మూసి ఉంచు, ఇంజన్ అందుకోగానే తెరువు. మర్చిపోతావు, నాకు తెలుసు, అందుకే ఆ వాల్వు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టు. వాడికి ఆ పూట ఇంకో పని చెప్పకు. తెరవడం ఆలస్యమైతే పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) కాలిపోతుంది, అది వేరే గొడవ.

ఆ అందుకునే క్షణంలో నువ్వు గాలి పీల్చుకునే మూతి దగ్గర చెక్క ముక్క పట్టుకుని నిలబడాలి. డీజిల్ పంపులో ర్యాక్ (డీజిల్ ఎంత వెళ్ళాలో చూసే కడ్డీ) ఇరుక్కుంటే కొత్తగా కట్టిన డీజిల్ ఇంజన్ స్పీడు ఎక్కిపోతుంది, తాళం తిప్పినా లీవర్ లాగినా ఆగదు, గాలి మూస్తేనే ఆగుతుంది. చెక్కతోనే మూయాలి, అరచేయి పెట్టకు, లాగేస్తుంది.

ఆడుతున్నప్పుడు వెనక్కి వెళ్ళి రెండు గొట్టాల్లోంచి పడే నీళ్ళు చూడు. ఒకదానికొకటి సమానంగా ఉండాలి. రెండు ఇంజన్లు ఉన్నందుకు నిజంగా వచ్చే లాభం ఇదే, ఒకదాన్ని రెండోదానితో పోల్చుకోవచ్చు. టెంపరేచర్ గన్ ఒకటి కొను, కోవిడ్‌లో నుదుటికి పెట్టింది కాదు, వర్క్‌షాపుల్లో వాడేది. ఒక్కో సిలిండర్ దగ్గర పొగ బయటికి వెళ్ళే మానిఫోల్డ్ మీద కొట్టి అంకెలు రాసుకో. ఒకటి మిగతావాటి కంటే బాగా చల్లగా ఉందంటే అక్కడ డీజిల్ చిమ్మే నాజిల్ పని చెయ్యట్లేదని. మొదట్లో కొంచెం నీలం పొగ వస్తే కంగారు పడకు, రింగులు కూర్చునేదాకా అంతే. వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే, కూలెంట్ పడిపోతుంటే మాత్రం ఆపెయ్యి.

గేర్లు జెట్టీకి నాలుగు తాళ్ళు కట్టి చూసుకోవాలి. ముందుకి అంటే నిజంగా ముందుకి పోతోందా, ఎడమ లీవరు ఎడమ ఇంజన్‌దేనా? నవ్వకు. ఒకసారి గేర్ కేబుల్ తిరగేసి బిగించి, రివర్స్ అనుకుని లాగి, పక్క బోటు చెక్క పగలగొట్టింది మీ మావయ్యే.

ఇంకొకటి, కొత్త ఇంజన్ కదా అని గంటలకి గంటలు ఐడిల్‌లో ఆడించకు. మనవాళ్ళలో ఈ అలవాటు బాగా ఉంది, పురిటి బిడ్డలా చూసుకుంటారు. లైనర్ గోడల మీద సన్నని గీతలు ఉంటాయి, వాటికి రింగులు ఒరుసుకుని కూర్చోవాలంటే లోడు పడాలి. లోడు లేకుండా ఆడితే గోడలు అద్దంలా నున్నగా అయిపోతాయి, ఆ తర్వాత జీవితాంతం ఆయిల్ తాగుతుంది. నీళ్ళు వేడెక్కగానే కదులు. సగం లోడు నుంచి ముప్పాతిక దాకా మారుస్తూ నడుపు, ఒకే స్పీడులో చాలాసేపు ఉంచకు, పూర్తి రేస్ మొదటి రోజు ఒక నిమిషం మించి వద్దు. 20 గంటలు ఆడాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, ట్యాపెట్లు (వాల్వుల దగ్గర సందు) మళ్ళీ చూసుకో. హెడ్ బోల్టుల గురించి నీ ఇంజన్ పుస్తకంలో ఏముంటే అదే చెయ్యి, ఎవరో చెప్పారని కాదు.

బుధవారం సంగతి. తెల్లారగట్ల సముద్రం కుదురుగా ఉంటుంది, ఎండెక్కాక గాలి లేస్తుంది, అప్పటికి మనం వెనక్కి వచ్చేయాలి. లంగరు ముందు భాగంలో, తాడు కొస కట్టేసి, ఒక్క తోపుకి పడేలా ఉండాలి. దాని మీద చెప్పులు కూడా పెట్టనివ్వను. తోడుగా ఒక ఫైబర్ బోటు మాట్లాడు, డీజిల్ డబ్బులు నేనిస్తాను. డీజిల్ ఫిల్టర్లు నాలుగు అదనంగా పెట్టుకో. నీ ట్యాంకులు రెండేళ్ళు కదలకుండా ఉన్నాయి, మొదటి ఊపుకే అడుగున ఉన్న మడ్డంతా లేచి ఫిల్టర్లోకి వస్తుంది. వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్లో పెట్టి ఉంచు, కోస్ట్ గార్డ్ నంబరు 1554 అద్దం పక్కన రాసి అంటించు. పెద్ద ఓడల దారిలో ఎక్కడా ఆగొద్దు, అక్కడ ఇంజన్ ఆగితే వాళ్ళు మనకోసం ఆగలేరు.

బయటికి వచ్చాక పది నిమిషాలకోసారి మూత ఎత్తి కిందికి చూడటం కలాసీ పని. గ్లాండ్ దగ్గర నిమిషానికి నాలుగు చుక్కలు పడితే మంచిదే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మాత్రం బిగువు ఎక్కువైందని. తర్వాత ఎడమ ఇంజన్ ఆపేసి కుడిదాని మీద ఒక చుట్టు, కుడిది ఆపేసి ఎడమదాని మీద ఒక చుట్టు కొట్టాలి. అప్పుడు ఏది ఎటు లాగుతుందో నీ చేతికి తెలుస్తుంది, పైగా ఒక్కోదాని మీద అసలు బరువు పడుతుంది. నా రాగి వాషర్లు బయటపడింది ఆ బరువుకే కదా. ఏదైనా తేడా వస్తే వెనక్కి తిప్పుదాం, 'ఇంకొంచెం చూద్దాం మావయ్యా' అనకూడదు, ముందే చెప్తున్నా.

బుధవారం ప్రయాణం సరిగ్గా సాగకపోతే శుక్రవారం మీ వాళ్ళందరినీ జెట్టీ దగ్గరే నిలబెట్టి కొబ్బరికాయ కొట్టి పులిహోర పెట్టి పంపించేద్దాం. మీ అత్తగారికి నేను చెప్తాను.

మంగళవారం సాయంత్రమే వస్తాను. ఫీలర్ గేజి, టార్క్ రెంచి నావి తెస్తాను, నీ రెంచి మీద నాకు నమ్మకం లేదు. నువ్వు పాత పేపర్లు ఒక కట్ట తెచ్చిపెట్టు, తడిసినవి వద్దు. రాగి వాషర్లు కూడా కొత్తవే వేశావా లేదా, ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య