చందా పుస్తకం కన్నా ముందు నల్లబల్ల కొనండి

తమ్ముడూ, మీ ఊరి గ్రంథాలయం గది కురుస్తోందనీ, అయిదుగురు కుర్రాళ్లు కలిసి కొత్త భవనం కడదామనుకుంటున్నారనీ, చందాలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. మేం 2018 సంక్రాంతికి మొదలుపెట్టి 2022 దసరాకి తలుపులు తీశాం. నేను కోశాధికారిని. అంతకుముందు పదిహేనేళ్లు డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసినదాన్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

మాది తెనాలి వైపు కాలువ పక్క ఊరు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనికతో మా వైపే, పెదవడ్లపూడి కొల్లిపరల మధ్య, పడవ మీద పుస్తకాలు తిరిగాయి. చందాలకి వెళ్లిన ప్రతి ఇంట్లో ఆ కథ చెప్పాం. అందరూ తలూపారు, కాఫీలిచ్చారు. జేబులో చెయ్యి పెట్టినవాళ్లు మాత్రం తక్కువ. గతం చెబితే గౌరవం వస్తుంది గానీ సిమెంటు రాదని మొదటి నెలలోనే తెలిసిపోయింది.

మా మొదటి తప్పు పెద్ద చేతి కోసం చూడటం. టౌన్లో ఉండే ఒకాయన, ఊరివాడే, శంకుస్థాపన రోజు మైకులో మూడు లక్షలన్నాడు. దండలేశాం. ఆ మూడు లక్షల్నీ నమ్ముకుని ఆయన పేరుతో గ్రానైటు ఫలకం చెక్కించేశాం, అది మా సొంత డబ్బుతో! పునాదులు తవ్వించాం. ఆ తర్వాత ఫోను మోగుతుంది, ఎత్తరు. వానాకాలం వచ్చి గుంటలు నిండాయి, ఎవరిదో దూడ పడితే తాళ్లేసి లాగాం. పని ఏడాది పైన ఆగింది. ఊళ్లో మమ్మల్ని 'గుంటల కమిటీ' అనేవాళ్లు. ఫలకాన్ని పారెయ్యడానికి మనసు రాలేదు. ఇప్పుడు వరండాలో బోర్లా పడుకుని మంచినీళ్ల కుండని మోస్తోంది.

మళ్లీ పని లేచింది నల్లబల్ల వల్లే. పంచాయతీ అరుగు మీద ఓ నల్లబల్ల పెట్టి, ప్రతి ఆదివారం సాయంత్రం మూడే వరసలు రాసేదాన్ని: వచ్చింది, ఖర్చయింది, చేతిలో ఉంది. ఎవరిచ్చారో ఇంటిపేరుతో సహా, యాభై రూపాయలైనా సరే. ఒక వారం ఎనిమిదో తరగతి పిల్లాడొకడు కూడి చూసి 'పిన్నీ, ఆరొందలు తగ్గింది' అన్నాడు. నిజమే. ఎంత వెతికినా లెక్క తేలలేదు. బల్ల మీద '600 దొరకలేదు' అని రాసి వదిలేశాను. మా అధ్యక్షుడు పరువు పోయిందని గొడవ. ఆ వారంలోనే, అంతకుముందు మొహం చాటేసిన నలుగురు వాళ్లంతట వాళ్లే వచ్చి రసీదు రాయించుకున్నారు. పది రోజులకి మేస్త్రీ భార్య చొక్కా ఉతుకుతుంటే జేబులో బైండింగు వైరు చీటీ దొరికింది, సరిగ్గా ఆరొందలకి. నాని ముద్దయిన ఆ చీటీని ఆరబెట్టి ఫైల్లో అంటించాను.

రెండో దారి మేం అనుకుని పట్టింది కాదు. ఒక పెళ్లిలో చదివింపులు చదువుతున్న కుర్రాడు సరదాగా 'గ్రంథాలయానికి పెళ్లికొడుకు తరఫున వెయ్యిన్నూట పదహార్లు' అన్నాడు. చదివింపులంటే చదివించడానికే కదా అని నవ్వుకున్నారు జనం. పెళ్లికొడుకు నాన్న మాట దక్కించుకోవాలి కాబట్టి ఇచ్చాడు. అప్పట్నుంచి ఊళ్లో ఏ పెళ్లైనా, గృహప్రవేశమైనా పక్కన మాకొక స్టీలు పళ్లెం ఉండేది. కవర్ల మీద అంటించి ఉండే రూపాయి బిళ్లలు ఊడదీసి, జిగురు పోవడానికి కొబ్బరి నూనె రాసి కూర్చునేదాన్ని రాత్రిళ్లు. మొత్తం డబ్బులో మూడో వంతు ఈ పళ్లేల్లోంచే వచ్చిందంటే నమ్మరు.

వస్తు రూపంలో ఇస్తామంటే కాదనకండి, ఒక్క సిమెంటు తప్ప. ఒకాయన ప్రేమకొద్దీ జూన్‌లో నలభై బస్తాలు దింపించాడు. పని ఆగి ఉంది. చెమ్మకి పదకొండు బస్తాలు రాయిలా గట్టిపడ్డాయి. సిమెంటు ఇచ్చేవాళ్లతో 'మీ పేరున కొట్లో జమ ఉంచండి, కావలసిననాడు తెచ్చుకుంటాం' అనండి. ఇసుక, కంకర ఎప్పుడిచ్చినా నష్టం లేదు.

కాగితాల సంగతి. సొసైటీ రిజిస్టరు చేయించుకోండి. 2001 చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, మీరు అయిదుగురే అంటున్నారు. మిగతా ఇద్దరినీ ఆడవాళ్లని పెట్టుకోండి, వసూళ్లలో తేడా మీకే తెలుస్తుంది. ఆదాయపన్ను మినహాయింపు కావాలనే దాతలుంటే సొసైటీకి 80జీ అని పిలిచే ఆదాయపన్ను శాఖ అనుమతి ఉండాలి. అది ఉన్నా రెండు వేలు దాటిన నగదుకి మినహాయింపు వర్తించదు, బ్యాంకు ద్వారానే రావాలి. స్థలం ఎవరైనా ఇస్తానంటే నోటిమాట మీద గోడ లేపకండి. గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్ అయ్యాకే గునపం.

అమెరికాలో మన ఊరివాళ్లు ఉన్నారు, వాళ్లని అడగమంటారా అన్నారు. అడగండి గానీ పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి లేకుండా మన సొసైటీ తీసుకోకూడదు. మేం ఇద్దరికి వద్దని చెప్పాం. ఒకావిడ అలిగింది. ఇంకొకాయన సంక్రాంతికి వచ్చి రెండు రోజులు నేల మీద కూర్చుని మూడొందల పుస్తకాలకి అట్టలేసి వెళ్లాడు.

ఇక భవనం. మేం మొదట గీయించిన ప్లానులో కింద రెండు షాపులు, పైన గ్రంథాలయం. అద్దెలొస్తాయని ఆశ. ఊరి అల్లుడొకాయన సివిల్ ఇంజనీరు, పండక్కి వచ్చినప్పుడు చూసి నెత్తి కొట్టుకున్నాడు. మామూలు ఇంటి గదికి చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కేస్తారట, పుస్తకాల బీరువాలు వరసగా ఉండే గదికైతే 600 కిలోలు. అదీ బీరువాల ఎత్తు రెండు మీటర్ల చిల్లర ఉన్నప్పుడే, ఎత్తు పెరిగితే ఇంకా ఎక్కువ. మేస్త్రీ వేద్దామన్న శ్లాబు ఇంటి లెక్కది. పైగా మా దగ్గర పేపరు చదివేవాళ్లలో సగం మంది మోకాళ్ల నొప్పులవాళ్లు, మెట్లెలా ఎక్కుతారు? నెల రోజులు కొట్లాడుకుని చివరికి గ్రంథాలయాన్ని కిందికి దించాం. రోడ్డు వైపు ఒక్క చిన్న గది మాత్రం జిరాక్సు కొట్టుకి అద్దెకిచ్చాం. ఆ అద్దెతో కరెంటు బిల్లు, రెండు పేపర్లు గడిచిపోతున్నాయి. పునాదిలో మట్టి నింపేటప్పుడే చెదల మందు కొట్టించండి, తర్వాత ఏం కొట్టినా పైపూతే. బీరువాల్ని గోడకి జానెడు ఎడంగా పెట్టండి.

ఒక్కటి మాత్రం రేపే కనుక్కోండి. మీది జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖా, లేక ఊరివాళ్లు పెట్టుకున్నదా? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం, అది సంస్థకి చేరాలి. వాళ్ల శాఖ అయితే ఉద్యోగి, పుస్తకాలు వాళ్లవి, భవనం విషయం వాళ్లతో మాట్లాడకుండా ఇటుక కొనొద్దు. ఊరిదే అయితే రోజూ సాయంత్రం తలుపు తీసేది ఎవరో ఇప్పుడే పేరు రాసుకోండి. మాకు రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన దొరికాడు. ఆయన ఊరెళ్తే తాళంచెవి నా దగ్గర.

మీ స్థలం ఎన్ని సెంట్లో, నల్లరేగడో ఇసుక నేలో రాయలేదు. అది చెబితే పునాదికి మాకెంతైందో పుస్తకం తీసి చూసి చెబుతాను.