వాంతుల మాత్ర, రాత్రి ప్రయాణం, ఒంటరి పడవ

ప్రశ్న: నా వయసు 46. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఉద్యోగం. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. వచ్చే నెల తొలిసారి ఒంటరిగా, రాత్రికి రాత్రి ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్ వెళ్లాలని ఉంది. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరతాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర, తుమ్ములకు రోజూ రాత్రి సెట్రిజిన్ వాడతాను. వాంతులు కాకుండా ఇంటి నుంచి సిన్నరిజిన్ తెప్పించుకున్నాను. దారిలో 20 నిమిషాల చొప్పున కునుకు తీస్తే చాలా? కాఫీ ఎంత తాగవచ్చు?

జవాబు: కాఫీ సంగతి తరవాత. సిన్నరిజిన్ ఎవరిని అడిగి తెప్పించుకున్నారు? అది మత్తు తెస్తుంది. సెట్రిజిన్ కూడా కొందరికి మత్తు తెస్తుంది. రెండూ కలిస్తే బస్సులో మహా అయితే దిగాల్సిన స్టాపు దాటిపోతుంది. పడవలో మిమ్మల్ని లేపేవారుండరు. ఇంకొకటి: మన దగ్గర దొరికే మాత్ర సాధారణంగా 25 మిల్లీగ్రాములు, బ్రిటన్‌లోది 15. అక్కడి డబ్బా మీద చూసి ఇక్కడి మాత్రలు రెండు వేసుకుంటే 30 బదులు 50 అవుతుంది. మాత్రల లెక్క ఇలాగే తప్పుతుంది, అందుకే సొంత వైద్యం వద్దని పదేపదే చెబుతాను.

మీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు ఉంది. వాంతులై ఒంట్లో నీరు తగ్గితే బీపీ పడిపోవచ్చు, కిడ్నీల మీదా భారం పడుతుంది. తెల్లవారుజామున నిద్రమత్తులో లేచి, పడవ అంచున నిలబడి మూత్రం పోస్తుండగా కళ్లు తిరిగితే? బీపీ మందులు వాడనివారు కూడా అలా సొమ్మసిల్లడం డాక్టర్లకు తెలిసిన విషయమే. వెడల్పు మూతి సీసా ఒకటి దగ్గర పెట్టుకోండి, కూర్చునే వాడండి. మిమ్మల్ని పడవకు కట్టి ఉంచే తాడు ఒక్క నిమిషం కూడా విప్పకండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

ఇక కునుకు. ఛానెల్‌లో ఓడల రద్దీ మీకు తెలిసిందే. 20 నాట్‌ల వేగంతో, అంటే గంటకు 20 నాటికల్ మైళ్ల (సుమారు 37 కిలోమీటర్ల) చొప్పున వచ్చే ఓడ 20 నిమిషాల్లో దాదాపు 7 నాటికల్ మైళ్లు వచ్చేస్తుంది. ఆ దారిలో నిద్ర సరికాదు. శుక్రవారం ఆరింటికి లేచి పనిచేసి బయలుదేరితే, రాత్రి 11కి మీరు మేలుకుని 17 గంటలు. అప్పటి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానమని పరిశోధనల్లో తేలింది. తెల్లవారేసరికి మరీ తగ్గుతుంది. కాఫీ ఒకటి రెండు కప్పులు తాగండి, పోయిన నిద్ర మాత్రం దానితో తిరిగిరాదు. శుక్రవారం వద్దు. రెండు రాత్రులు నిండుగా నిద్రపోయి, శనివారం మధ్యాహ్నం కూడా పడుకుని, సాయంత్రం కదలండి.

మిమ్మల్ని పరీక్షించకుండా ఫలానా మందు వేసుకోమని రాయలేను. మీరు వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని ఈ వారమే మీ డాక్టరును కలవండి. ఆయన చెప్పిన వాంతుల మాత్రను ముందుగా ఒక సెలవు రోజున ఇంట్లోనే వేసుకుని చూడండి, ఆ రోజు కారు తీయవద్దు. మత్తుగా అనిపిస్తే ఈసారికి పడవ నడపడం తెలిసిన స్నేహితుడిని వెంట తీసుకెళ్లండి.