మీ అక్వేరియం: చేపల కన్నా ముందు బ్యాక్టీరియా

ప్రశ్న: నమస్తే సార్. మాది కూకట్‌పల్లి. మా పాప పుట్టినరోజుకని రెండడుగుల ట్యాంకు కొన్నాం. చేపలు వేసేముందు సైకిల్ చేయాలని, అంటే అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియాని ట్యాంకులో పెంచాలని మీ శీర్షికలోనే చదివి, రెండు వారాలుగా ఫిల్టర్ నడుపుతున్నాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నీళ్లలో మందు చుక్కలు వేసి రంగు చూసే లిక్విడ్ కిట్‌తో చూస్తే అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20 వచ్చాయి. షాపతను "రెడీ అయిపోయింది మేడమ్, గోల్డ్‌ఫిష్ పట్టుకెళ్లండి" అంటున్నాడు. పాప రోజూ అడుగుతోంది. వేసేయమంటారా?

జవాబు: ఇంకా వద్దమ్మా. భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసినవాణ్ని నేను. రైతు సీసాలో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టగానే మేం అడిగే మొదటి మాట "మేత ఎంత వేస్తున్నారండీ?" అని. ఆ సంగతి తెలియకుండా అమ్మోనియా అంకె చూసి ఏమీ చెప్పలేం. మిమ్మల్నీ అదే అడుగుతున్నాను. ఈ రెండు వారాల్లో ట్యాంకులో ఏం వేశారు? మీ ఉత్తరంలో ఫిల్టర్ తప్ప ఇంకేమీ కనపడలేదు. ఏమీ వేయని నీళ్లలో అమ్మోనియా పుట్టదు, అది లేకపోతే నైట్రైటూ రాదు. మీకొచ్చిన రెండు సున్నాలకీ అర్థం అదే.

మరి 20 నైట్రేట్ ఎక్కడిది? ఇవాళే కుళాయి నీళ్లు పట్టి అదే పరీక్ష చేయండి. మీ అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్లు కూడా కలుస్తుంటే అక్కడా ఆ రంగే వస్తుందని నా అంచనా. బోరు నీళ్లలో నైట్రేట్ ఉండడం మన ప్రాంతాల్లో మామూలే. తాగునీటిలోనే లీటరుకి 45 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం.

ఇప్పుడు అసలు పని. చేపల మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపల ప్రాణం తీస్తాయి. మూడోది తక్కువ మోతాదులో ఉంటే పెద్దగా హాని చేయదు, నీళ్లు మారిస్తే తగ్గుతుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్ స్పాంజిలో, సిరామిక్ రింగుల మీద, అడుగున ఇసుకలో. అందుకే నీళ్లు తేటగా ఉన్నాయా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వాటికి తిండి పెట్టాలి, ఆ తిండి అమ్మోనియా.

ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ చిన్న సీసా దొరుకుతుంది. గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడే నవాసాగరం కూడా ఇదే, కానీ అందులో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం, అది వద్దు. 10 గ్రాములు అర లీటరు నీళ్లలో కరిగించి, మూత బిగించి, సీసా మీద పేరు రాసి పాపకి అందకుండా పెట్టండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో ఇసుక, రాళ్లు పోను 45 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. దానికి 15 మిల్లీలీటర్లు పోస్తే అమ్మోనియా ఇంచుమించు 2 పీపీఎంకి, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములకి వస్తుంది. గంట ఆగి కిట్‌తో సరిచూసుకోండి.

ఆ తర్వాత రోజు విడిచి రోజు పరీక్ష చేయండి. అమ్మోనియా అర పీపీఎం కన్నా దిగాక మళ్లీ 2కి తేవాలి. కొన్నాళ్లకు నైట్రైట్ ట్యూబు లేత నీలం నుంచి ఊదాలోకి తిరుగుతుంది. అది చూసి భయపడొద్దు, మొదటి బ్యాక్టీరియా పని మొదలుపెట్టిందన్నమాట. 2 పీపీఎం పోసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చిన రోజు ట్యాంకు సిద్ధం. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో జబ్బుల్లేని పాత ట్యాంకు ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. పాలకి తోడు వేసినట్టే, పని త్వరగా అవుతుంది.

నీళ్లు పోసిన ప్రతిసారీ యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. షాపువాళ్లు ఊరికే ఇచ్చే నీలి మందు మాత్రం ఇప్పుడు వేయకండి. అది మిథిలిన్ బ్లూ అయితే మనం పెంచుతున్న బ్యాక్టీరియానే దెబ్బతీస్తుంది.

పరీక్ష దగ్గర ఒక మాట. నైట్రేట్ కిట్‌లో రెండో సీసా మందు అడుగున పేరుకుంటుంది. దాన్ని అర నిమిషం గట్టిగా కుదపకుండా చుక్కలు వేస్తే ఉన్న నైట్రేట్ కన్నా తక్కువ చూపిస్తుంది. అమ్మోనియా ట్యూబులో పసుపుకీ లేత ఆకుపచ్చకీ తేడా ట్యూబ్‌లైటు కింద తెలియదు, పగటి వెలుతురులో కిట్‌తో వచ్చిన రంగుల కార్డు తెల్లభాగం మీద ఆనించి చూడండి. మీ కిట్ కాగితంలో చెప్పినన్ని నిమిషాలూ ఆగాకే రంగు పోల్చండి. పరీక్షించిన నీళ్లు తిరిగి ట్యాంకులో పోయకూడదు. పాపకి చుక్కలు లెక్కపెట్టే పని ఇవ్వండి, సీసాలు మాత్రం మీరే పట్టుకోండి, ఆ మందులు చర్మానికి మంచివి కావు.

పాపకి ఆరు వారాలు ఎక్కువే, నాకు తెలుసు. కానీ బోరు నీళ్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) చాలా చోట్ల 8 దగ్గర ఉంటుంది. 25 డిగ్రీల్లో, పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషరూపం అర శాతం చిల్లర అయితే, 8 దగ్గర ఐదు శాతం దాటుతుంది. ఇప్పుడే చేపలు తెస్తే ఆ పిల్ల చూసేది నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్న చేపల్ని. అది వద్దమ్మా.

ప్రశ్న: అన్నా, వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. వంద లీటర్ల ట్యాంకు, మొత్తం ఆర్వో నీళ్లే పోశాను. అమ్మోనియా మూడుసార్లు 2 పీపీఎం పోస్తే దిగిపోయింది. కానీ రెండు వారాలుగా నైట్రైట్ ముదురు ఊదా రంగులోనే ఆగిపోయింది. పీహెచ్ 6 చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది, మొత్తం నీళ్లు తీసేసి మళ్లీ మొదలుపెట్టనా?

జవాబు: మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు తమ్ముడూ. ఒక పీపీఎం అమ్మోనియా నుంచి దాదాపు 2.7 పీపీఎం నైట్రైట్ వస్తుంది. నువ్వు పోసిన ఆరూ కలిపితే 16. చాలా కిట్ల కార్డు 5 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి 16 ఉన్నా 8 ఉన్నా నీకు అదే ఊదా. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొని, 9 మిల్లీలీటర్లలో 1 మిల్లీలీటరు ట్యాంకు నీళ్లు కలిపి పరీక్షించు. వచ్చిన అంకెని పదితో గుణిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పీహెచ్ 6. అమ్మోనియాని మార్చేటప్పుడు బ్యాక్టీరియా నీటిలోని క్షారతను, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని ఖర్చు చేస్తాయి. ఆర్వో నీళ్లలో అది దాదాపు ఉండదు, పీహెచ్ పడిపోతుంది, అంత తక్కువలో వాటి పని నిలిచిపోయినంత పనవుతుంది. సగం నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టిన కుళాయి నీళ్లు పోయి. నైట్రైటూ సగమవుతుంది. ఒక టీస్పూను వంట సోడా కరిగించి కలుపు, బేకింగ్ పౌడర్ కాదు సుమా. నైట్రైట్ దిగేదాకా అమ్మోనియా పోయడం ఆపు.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. మా ట్యాంకు సైకిల్ పూర్తయింది, చేపలు ఇంకా వేయలేదు. సంక్రాంతికి పది రోజులు ఊరు వెళ్తున్నాం. బ్యాక్టీరియా చచ్చిపోతాయా?

జవాబు: పది రోజులు తిండి లేకపోతే చచ్చిపోవండీ. వెళ్లే రోజు ఒకసారి అమ్మోనియా 2 పీపీఎం పోసి వెళ్లండి. భయమల్లా ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసే అలవాటు గురించే. ఫిల్టర్ ఆగితే స్పాంజిలో నీళ్లు కదలవు, ఆక్సిజన్ అందదు, ఆకలి కన్నా అదే త్వరగా చంపుతుంది. ఫిల్టర్ ఉన్న గది స్విచ్ ఒక్కటీ ఆన్‌లో ఉంచి మిగతావి ఆపండి. వచ్చాక మళ్లీ 2 పీపీఎం పోసి 24 గంటల పరీక్ష చేయండి. రెండూ సున్నా వస్తే సగానికి పైగా నీళ్లు మార్చి, నైట్రేట్ తగ్గిందని చూసుకుని, మర్నాడు చేపల షాపుకి వెళ్లండి.